పేర్లు పిలిచే పిల్ల

ఉజ్మా బాగా పాడుతుందని బడిలో అందరికీ తెలుసు. అంతకంటే బాగా మాట్లాడుతుందని మొదట కనిపెట్టింది మా ఆయన.

అప్పుడు నేను పుంగనూరు ఆడపిల్లల హైస్కూల్లో తెలుగు చెప్పేదాన్ని. మా ఆయన నరసింహులు పెళ్ళిళ్ళకూ జాతరలకూ ఆర్కెస్ట్రా నడిపేవాడు. కీబోర్డు ఆయనే వాయించేవాడు, వ్యానూ ఆయనే తోలేవాడు. పదో తరగతి ఉజ్మా బడి వార్షికోత్సవంలో పాడింది విని, మర్నాడే నన్ను వెంటబెట్టుకుని వాళ్ళ దుకాణానికి పోయాడు.

వాళ్ళ నాన్న అబ్దుల్ సత్తార్ పరుపులూ దిండ్లూ కుట్టేవాడు. దూది ఏకే మిషను ఆపి బయటికి వచ్చేసరికి కనుబొమ్మల మీద, గడ్డం మీద, చెవుల మీద దూది. మా ఆయన చెప్పిందంతా విన్నాడు.

"యాడికి పంపించాల?"

"పెండ్లిండ్లకి సత్తార్ భాయ్. సాయంత్రం రిసెప్షన్లే. తొమ్మిదికంతా ఇంటికాడ దింపేస్తాం."

"ఎవురు దింపేది?"

"నేనే."

"నువ్వొక్కడివే అయితే నక్కో అప్పా, వద్దు. టీచరమ్మ కూడా వ్యాన్లో ఉంటే పంపిస్తా."

లోపలి నుంచి ఉజ్మా తల్లి అజీజాబీ గొంతు వినిపించింది. "పోనీయండి జీ. ఇంట్లో మాత్రం గమ్మున ఉంటాందా అది? పొద్దన్నుంచీ వాగుతానే ఉండాది. బయట వాగితే నాలుగు డబ్బులన్నా వస్తాయి."

అట్లా ఆ పిల్ల పాట పుణ్యమా అని నేను రెండేళ్ళు ఆర్కెస్ట్రా వ్యానులో తిరిగాను. డ్రమ్ముల మధ్య ఇరుక్కుని పరీక్ష పేపర్లు దిద్దాను.

పదహారేళ్ళ ఉజ్మా గొంతు సన్నగా, తేటగా ఉండేది. తప్పు పట్టడానికి ఏమీ ఉండేది కాదు. కానీ అలాంటి గొంతులు చిత్తూరు జిల్లాలో ఇంకో పది ఉన్నాయని మా ఆయనకు తెలుసు. పైకి అనేవాడు కాదు.

ఒక రోజు పుంగనూరులోనే ఒక కల్యాణ మండపంలో రిసెప్షను. రెండో పాట సగంలో కరెంటు పోయింది. జనరేటరు మొరాయించింది. అందరూ విసనకర్రల కోసం వెతుక్కుంటుంటే ఉజ్మా స్టేజి అంచున కూర్చుని, మైకు లేకుండానే మొదలుపెట్టింది.

"పెండ్లికొడుకన్నా, కరెంటు పోయిందని సెయ్యి పట్టుకున్యావు, మాకు అగుపడతానే ఉండాది. ముందు వరసలో ఎర్రసీర పెద్దమ్మా, నీ సెల్లు లైటు ఇట్ల తిప్పమ్మా, పెండ్లికూతురు మొగం సూడాల. ఆ మూల ఎవురో అప్పుడే బంతి కాడికి పోతాండారు, పోనీయండి, వాళ్ళు మా బంధువులు కాదు!"

పావుగంట పాటు మండపం మండపమంతా నవ్వింది. కరెంటు వచ్చాక పాట మళ్ళీ ఎత్తుకుంటే, వెనక నుంచి ఎవరో అరిచారు. "పాట తర్వాత పాడుదువు గానీ, ఇంకొంచెం మాట్లాడు పాపా!"

తిరుగు ప్రయాణంలో మా ఆయన అద్దంలో ఆమె వంక చూస్తూ అన్నాడు. "ఉజ్మా, నువ్వు పాడితే జనం వింటారు. మాట్లాడితే కుర్చీలు ముందుకు జరుపుకుంటారు. ఆలోచించు."

ఆయన మెచ్చుకున్నాడు. ఆ పిల్ల దాన్ని మెచ్చుకోలుగా తీసుకోలేదు. మర్నాడు బడిలో నా ముందు కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. "నా పాట బాగలేదని సార్ ఇట్ల తిప్పి సెప్తాండాడు టీచరమ్మా." రెండు వారాలు రిహార్సలుకు రాలేదు. మూడో వారం తనే వచ్చి, "సరే సార్, మాట్లాడే పని యాడ ఉండాది, సూపించు" అంది.

ఆయన చూపించింది మదనపల్లెలో ఒక కేబుల్ చానెల్. ఫోటో స్టూడియో మీద ఒక గది, నీలం తెర, రెండు ప్లాస్టిక్ పూలకుండీలు, ఒక ఫోను. పొద్దున ఏడున్నరకు జనం ఫోను చేస్తే వాళ్ళతో నాలుగు మాటలాడి, అడిగిన పాట వేయాలి. ఉజ్మాకు అప్పటికి పద్దెనిమిది. రోజూ మొదటి బస్సుకు పుంగనూరు నుంచి పోయేది.

మొదటి రోజు కెమెరా ముందు నిలబడి, స్టేజి అలవాటుకొద్దీ, గొంతెత్తి "నమస్కారం పుంగనూరూ!" అనేసింది. వెంటనే ఫోను మోగింది.

"ఏమ్మా, మేం మదనపల్లెవాళ్ళం. టీవీ కట్టేయమంటావా?"

"కట్టేయొద్దన్నా, నేనింకా పుంగనూరు బస్సులోనే ఉండాను. రెండు నిమిషాలాగు, మీ బస్టాండులో దిగేస్తా."

ఆ మాటతో మదనపల్లె ఆమెను క్షమించింది.

ఆ గదిలోనే ఆమె అసలు విద్య నేర్చుకుంది. మాట్లాడటం ముందే వచ్చు. మాట్లాడకుండా ఉండటం అక్కడ నేర్చింది. లాక్‌డౌన్ రోజుల్లో, బస్సులు లేక చానెల్ వాళ్ళ బండిలో వచ్చిపోయేటప్పుడు, వాల్మీకిపురం నుంచి బుజ్జమ్మ అనే ముసలామె ఫోను చేసింది. ఏం పాట వేయమంటావవ్వా అని అడిగితే ఉలుకూ పలుకూ లేదు. కెమెరా వెనక చానెల్ మేనేజరు చేతులు ఊపేస్తున్నాడు. టీవీలో ఎవరూ మాట్లాడకపోతే జనం కరెంటు పోయిందనుకుంటారని ఆయన భయం. ఉజ్మా మాత్రం ఫోను చెవికి పెట్టుకుని, కాస్త ముందుకు వంగి, అట్లాగే కూర్చుంది. అరనిమిషం పోయాక బుజ్జమ్మ నోరు తెరిచింది.

"పాటొద్దు పాపా. మా కోడలు రసంలో ఉప్పు రెండు తూర్లు ఏసింది. ఎవురికన్నా సెప్పాల గదా, అందుకని సేసినా."

మర్నాడు కోడలు ఫోను చేసింది. రెండోసారి ఉప్పు వేసింది అత్తేనట. ఆ తగువు వారం రోజులు నడిచింది. మదనపల్లె, పుంగనూరు, వాల్మీకిపురం తలుపులు వేసుకుని ఇళ్ళలో కూర్చుని ఆ రసం గురించి మాట్లాడుకున్నాయి. వారం చివర అత్తాకోడళ్ళు ఒకే ఫోనులో, ఒకరి మాట మీద ఒకరు పడుతూ, ఒకే పాట అడిగారు. మా ఇంట్లో టీవీ ముందు మా ఆయన తొడ చరుచుకుని నవ్వాడు. "సూసినావా? నేను సెప్పలే?" అని నన్నడిగాడు, నేనేదో కాదన్నట్టు.

తర్వాతి ఏడాది, కరోనా రెండో అలలో ఆయన పోయాడు. ఆర్కెస్ట్రా ఆయనతోనే ఆగింది. ఉజ్మా ఆదివారం ఆదివారం వచ్చేది. ఓదార్చడం ఆమెకు చేతకాదు. వంటింట్లో కూర్చుని ఆ వారం ఫోను చేసినవాళ్ళ గొంతులన్నీ అనుకరించి చూపించేది. నేను నవ్వేదాకా లేచేది కాదు.

అట్లాంటి ఒక ఆదివారం తన కోరిక చెప్పింది. పెళ్ళిళ్ళలో మైకు పట్టి, వచ్చినవాళ్ళను పేరుపేరునా పిలిచి, కార్యక్రమమంతా నడిపించే పని సొంతంగా పెట్టాలి. మదనపల్లెలో ఒక గది, దాని మీద తన పేరుతో బోర్డు. తనలాంటి ఆడపిల్లలను ఇంకో నలుగురిని చేర్చుకోవాలి. చానెల్లో ఎంత చేసినా ఆ గది వాళ్ళది, ఆ ఫోను వాళ్ళది.

"మీ అబ్బాను అడిగినావా?"

"అడిగినా. ఒక్క పెండ్లి సెయ్యి, సూస్తానన్యాడు. వెనక వరసలో కూసుంటాడంట. ఆడ నన్ను ఎవురన్నా ఒక్క మాటన్యా, మైకు యాడిదాడ పెట్టేసి ఇంటికి రావాల్నంట. మళ్ళీ ఆ మాటెత్తకూడదంట. దుకాణంలో కూసోని దిండ్లు అమ్మాల్నంట."

"దిండ్లేం పాపం చేశాయి?"

"దిండ్లు మాట్లాడవు గదా టీచరమ్మా!"

ఆ ఒక్క పెళ్ళి కుప్పంలో దొరికింది. పెళ్ళికూతురి తండ్రి రమణ అక్కడ ఒక కాలేజీ ఆఫీసులో పనిచేసేవాడు. వాళ్ళ నాన్న ఒకరి చేలల్లో కూలి చేసినవాడు. ఆ ఇంట్లో నెల జీతం ఎరిగిన మొదటి మనిషి రమణ. కూతురు సుష్మ పెళ్ళి ఆఫీసువాళ్ళంతా చెప్పుకునేట్టు చేయాలని ఆయన ముచ్చట. టీవీలో ఉజ్మాను చూసి, ఏరికోరి పిలిచాడు. పెళ్ళికొడుకు వాళ్ళది సరిహద్దుకు అవతల, కన్నడం మాట్లాడే ఊరు. ఉజ్మా వారం రోజులు కన్నడం పలకరింపులు సాధన చేసింది. రెండు వైపుల వాళ్ళనూ ఫోనులో అడిగి, ముహూర్తానికి ముందు వేదిక మీదకు పిలవాల్సిన పెద్దల పేర్లు తెప్పించుకుంది. రమణ పంపిన కాగితం ముత్యాల్లాంటి అక్షరాలతో రెండు పేజీలుంది.

ముందు రోజు పలమనేరు మీదుగా ముగ్గురం కుప్పం చేరాం. ఉజ్మా, తోడుగా నేను, తీర్పు చెప్పడానికి సత్తార్ భాయ్. ఆయన ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కా తొడిగాడు. దూది లేకుండా ఆయన్ను చూడటం నాకదే మొదలు.

పెళ్ళి పొద్దున తొమ్మిదీ ఇరవైకి ముహూర్తం. ఎనిమిదింటికి ఉజ్మా మైకు అందుకుంది. కన్నడంలో మగపెళ్ళివారిని పలకరించగానే వాళ్ళు చప్పట్లు కొట్టారు. పెళ్ళికొడుకు మేనమామను పేరు పెట్టి పిలిస్తే, ఆయన మీసం దువ్వుకుంటూ, చుట్టూ చూసుకుంటూ, తీరిగ్గా మెట్లెక్కాడు. తర్వాత ఆడపెళ్ళివారి కాగితం. కాలేజీ పెద్దలు, బ్యాంకు మేనేజరు, రిటైరైన తాసిల్దారు, వీధి పెద్దలు. ఒక్కొక్కరికి ఒక్కో తీపి మాట. చివరి పేరు చదివి కాగితం మడిచింది.

చదివిన పేర్లన్నీ సరిగ్గానే చదివింది. కాగితంలో లేని పేరు ఒకటుందని మాకు పది నిమిషాల తర్వాత తెలిసింది.

సుష్మకు ఒకే ఒక మేనమామ, గంగవరం ఎల్లప్ప. తాపీ మేస్త్రీ. పెళ్ళికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మండపానికి ఎత్తుకు రావలసినవాడు ఆయనే. అవతలి మేనమామ మీసం దువ్వుకుంటూ మెట్లెక్కడం చూసి, తన పేరు కోసం లేచి నిలబడి, కండువా సర్దుకుని, రెండు పేజీలూ అయిపోయేదాకా అట్లాగే నిలబడ్డాడట. తర్వాత ఎవరితోనూ ఒక్క మాట చెప్పకుండా, చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్ళిపోయాడు.

రమణ పరుగెత్తుకొచ్చాడు. "మేనమామను పిలవకుండా ఎట్ల మర్సిపోతివమ్మా?"

"కాగితంలో లేదన్నా."

"ఇంట్లో మనిషిని ఎవురన్నా కాగితంలో రాస్తారా! బయటోళ్ళను గదా రాసేది!" ఆయన చెయ్యి అడ్డంగా ఊపాడు. "సాలు. మైకు కట్టేయ్. ఇంక నోరు తెరవద్దు."

పక్కనే పూలదండలు పట్టుకున్న ఒకావిడ అందుకుంది. "మన పద్ధతులు తెలీని పిల్లను తెస్తే ఇంతే."

అదే, సత్తార్ భాయ్ చెప్పిన ఆ ఒక్క మాట. ఉజ్మా గబుక్కున వెనక వరస వంక చూసింది. నేనూ చూశాను. ఆయన కుర్చీ ఖాళీ.

"బస్టాండుకు పోయినట్టుండాడు టీచరమ్మా" అంది. ఏడవలేదు గానీ, మైకు తీగను వేళ్ళకు చుట్టుకుంటూనే ఉంది. "నా బోర్డు పోయింది. పోతే పోనీ. ముందు ఆ మామను తెద్దాం రా. ఆ పిల్ల గంప ముందర కూసోని ఉండాది."

ఎల్లప్ప ఎటు పోయాడని అడుగుతూ వెళితే, గేటు దగ్గర ఆటోవాడు రైల్వే స్టేషను వైపు చెయ్యి చూపించాడు. ఆటో ఎక్కి పోయాం. స్టేషను బయట టీ అంగడి బెంచీ మీద ఇద్దరు మగవాళ్ళు పక్కపక్కన కూర్చుని టీ తాగుతున్నారు. ఒకరు ఎల్లప్ప. రెండోవారు మా సత్తార్ భాయ్.

మమ్మల్ని ఇద్దరిలో ఎవరూ చూడలేదు. మాటల్లో ఉన్నారు.

"నా సెల్లెలి కూతురి నికాలో నన్ను బిర్యానీ కాడ నిలబెట్టినారప్పా" అంటున్నాడు సత్తార్ భాయ్. "ఆల్బం తెచ్చి సూపించినారు. మామూ యాడ అంటే, యాడా లేడు. ఒక ఫోటోలో నా గరిటె మాత్రం ఉండాది."

"నీకు గరిటన్నా ఉండాది సాయిబూ" అన్నాడు ఎల్లప్ప. "నాకు అదీ లేదు."

"అబ్బా!" అని తండ్రిని పిలిచింది ఉజ్మా.

సత్తార్ భాయ్ తల తిప్పాడు. "ఒక మనిషి పెండ్లిలో చెప్పులు సేతిలో పట్టుకోని పోతాంటే, నేను కుర్చీలో కూసోని సూస్తా ఉండాల్నా? నేనూ మామూనే గదా."

ఉజ్మా ఎల్లప్ప ముందు నిలబడింది. "తప్పు నాది మామా."

"నీదేం తప్పమ్మా. రాసిచ్చినోళ్ళది."

"రాయనోళ్ళు ఎవురని నేను అడగాల్సింది. అడగలే."

ఎల్లప్ప గ్లాసులోకి చూస్తూ టీ తాగాడు. నేను గడియారం చూశాను. తొమ్మిదికి పది నిమిషాలు తక్కువ. నేనైతే బతిమాలేదాన్ని, గడ్డం పట్టుకునేదాన్ని. ఉజ్మా ఆయన పక్కన బెంచీ మీద కూర్చుంది. కాస్త ముందుకు వంగి, ఊరుకుంది. టీవీలో బుజ్జమ్మ ఫోనుకు ఎట్లా ఊరుకుందో అట్లా. సత్తార్ భాయ్ ఏదో అనబోతే కళ్ళతోనే ఆపింది.

కొంచెం సేపటికి ఎల్లప్ప గ్లాసు కింద పెట్టాడు.

"మా బావ మంచోడే. జీతగాడు. నేను సిమెంటు సేతులోడిని. బ్యాంకాయన పేరు పక్కన నా పేరేంది అనుకున్యాడేమో."

ఉజ్మా కాదనలేదు, అవుననలేదు.

"ఆ కాలేజీలో ఆఫీసు గది గోడ కట్టింది నేనే. మా బావ కూసునే కుర్చీ ఎనకాల గోడ. ఆయప్పకు తెలుసు." గ్లాసు పక్కకు జరిపాడు. "నా పేరు సెప్పించుకోవాలని కాదు పాపా. అవతలి మామ మెట్లెక్కినప్పుడు మా సుష్మ గది వాకిట్లోంచి నా దిక్కు సూసింది. నవ్వింది. ఇంక నువ్వే మామా, అన్నట్టు."

దూరంగా ఏదో రైలు కూత వేసింది.

"దానికి చిన్నప్పటి నుంచీ ఎత్తుకుంటే బయం" అన్నాడు ఎల్లప్ప, తనలో తనే అనుకుంటున్నట్టు. "కింద పడతానని నా సొక్కా గుంజి పట్టుకుంటాది. ఇప్పుడు గంపలో కూసోవాల. నేను లేకుంటే ఎవురు పడతారు గంప? మా బావ తమ్ముడు పడతాడు. వాడు సిలిండరు మోసినట్టు మోస్తాడు." అంతలోనే లేచి నిలబడ్డాడు. చెప్పులు కింద పడేసి కాళ్ళు దూర్చాడు. "టైమెంత అయిండాది? ఏమమ్మా టీచరమ్మా, సెప్పరే!"

నలుగురం ఒకే ఆటోలో ఇరుక్కున్నాం. మండపం గేటు దగ్గర దిగుతుంటే ఎల్లప్ప ఉజ్మా చెవి దగ్గర మెల్లగా అడిగాడు. "నా పేరు సెప్తావా?"

"ఏమని సెప్పమంటావు మామా?"

"గంగవరం ఎల్లప్ప అను." రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "మేస్త్రీ అని గూడా అను."

రమణ మైకు కట్టేయమన్నాడు గానీ, ఆ క్షణంలో ఆయనా అడ్డుపడలేదు. ఉజ్మా మైకు తీసుకుంది. తీపి మాటలేవీ చేర్చలేదు. "గంగవరం ఎల్లప్ప మేస్త్రీ వచ్చినారు. పెళ్ళికూతురి మేనమామ. ఈయన గంప ఎత్తేదాకా అయ్యవారు కూడా ఆగాల్సిందే." అయ్యవారు నిజంగానే మంత్రం ఆపి తలెత్తి చూశాడు. మండపమంతా నవ్వింది. ఎల్లప్ప నవ్వలేదు. కండువా నడుముకు బిగించి నేరుగా పెళ్ళికూతురి గదిలోకి పోయాడు. గంపలో వస్తున్న సుష్మ మేనమామ చొక్కా భుజం దగ్గర గుప్పెట్లో పట్టుకుని ఉంది. రమణ గంపకు అటువైపు చెయ్యి వేసి, బావమరిది ముఖంలోకి చూడలేక గంపలోకే చూస్తూ నడిచాడు. పూలదండల ఆవిడ మధ్యాహ్నం బంతిలో ఉజ్మా ఆకులో తనే పాయసం రెండుసార్లు వడ్డించింది.

తిరుగు బస్సులో ఉజ్మా కిటికీ పక్కన బయటికే చూస్తూ కూర్చుంది. తండ్రి పెట్టిన షరతు ఆమె మరిచిపోలేదు. ఒక మాట అననే అన్నారు; దాచకుండా తనే ఆయనకు చెప్పింది. పలమనేరు దాటాక సత్తార్ భాయ్ ఫోను మోగింది. అజీజాబీ.

"హౌ, ఔను, అయిపోయింది" అన్నాడు ఆయన. "అన్నారు. ఒకామె ఒక మాటనింది... లేదు, దిండ్లు నువ్వే అమ్ముకో. ఇది దిండ్ల కాడ కూసుండే పిల్ల కాదు." ఫోను జేబులో పెట్టుకుని కూతురి వైపు తిరిగాడు. "ఇంకమీద లిస్టు రాయించుకునేదానికి పోతే నన్ను గూడా తీస్కపో. మగోళ్ళ అలకలు నీకు తెలీవు."

ఉజ్మా ఆయన భుజం మీద తల పెట్టుకుని, ఒక్కసారిగా ఏడవడం మొదలుపెట్టింది. ముందు సీటావిడ వెనక్కి తిరిగి, "ఎవురన్నా పోయినారా అప్పా?" అని జాలిగా అడిగింది.

"లేదమ్మా" అన్నాడు సత్తార్ భాయ్. "అంగడి పెడతాండాది."

మదనపల్లెలో ఉజ్మా పేరుతో బోర్డు పెట్టిన గదికి ఇప్పుడు మూడేళ్ళు. అంబిక, రోజా, ఇంకో ఇద్దరు ఆడపిల్లలు ఆమె దగ్గర పనిచేస్తున్నారు. ఒకే రోజు మూడు ఊళ్ళలో మూడు పెళ్ళిళ్ళు ఉన్నా తడబడరు. ఉజ్మా టీవీలో వారానికొకసారి కనిపిస్తుంది. పాట మానలేదు. ఇప్పుడు బాగా పాడుతున్నావంటే మాత్రం, "సార్ ఉంటే ఒప్పుకునేవాడా టీచరమ్మా?" అంటుంది. ఆయన ఒప్పుకునేవాడు కాదని ఇద్దరికీ తెలుసు. ఇద్దరం నవ్వుతాం.

శుక్రవారాలు దుకాణం మూసి, నమాజు అయ్యాక, సత్తార్ భాయ్ తెల్ల చొక్కా తొడుక్కుని పెళ్ళివారి ఇళ్ళకు పోతాడు. పోయిన నెల వాల్మీకిపురంలో ఒకరింటికి నేనూ వెంట పోయాను. పెళ్ళికూతురి తండ్రి మూడు పేజీల పట్టిక చేతికిచ్చాడు. సత్తార్ భాయ్ దాన్ని చదవనైనా చదవలేదు. బోర్లించి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఇది బాగుండాదప్పా. ఇందులో రాయనోళ్ళు ఎవురో సెప్పు."

"రాయనోళ్ళు ఎవురుంటారు సాయిబూ? అందరినీ రాసినా."

సత్తార్ భాయ్ కాస్త ముందుకు వంగి ఊరుకున్నాడు. ఆయన కూతుర్ని చూసి నేర్చుకున్న పని అది. ఆ పెద్దాయన గడ్డం గోక్కున్నాడు, దూలాల వంక చూశాడు, వేళ్ళ మీద ఏవో లెక్కపెట్టాడు. ఉన్నట్టుండి లేచి, పంచె ఎగగట్టి, లోపలున్న భార్యను కేకేశాడు.

"ఒమ్మే, మీ అన్నకు అసలు పెండ్లి సంగతి సెప్పినామా లేదా?"